పొయ్యి బయటికొస్తే...

మా ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో మావారికి తెలియదు. మా పెళ్లయి పద్నాలుగేళ్లయింది. డబ్బా అక్కణ్నించి కదిలిందీ లేదు, ఆయన వెతికిందీ లేదు. అలాంటి మనిషి మొన్న సంక్రాంతి సెలవుల్లో అరకు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, కళ్లలోకి పొగ పోతున్నా లేవకుండా, ముప్పావుగంటసేపు వెదురుబొంగులు తిప్పారంటే నమ్ముతారా? ఫొటో తీసి డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచుకి పంపిస్తే, "వదినా, ఈయన మా అన్నయ్యేనా?" అని అడిగింది.

ముక్కనుమ మర్నాడు వైజాగ్ నుంచి రెండు కార్లలో బయల్దేరాం. అత్తగారు, మామగారు, మా మరిది వాళ్లు, పిల్లలు. అరకు 115 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు ఎక్కేసరికి పిల్లలకి కడుపులో తిప్పుతుందని, దారిలో హోటల్ తిండి వద్దని, నేనూ మా తోటికోడలూ తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి, పూరీలు వత్తి, బంగాళాదుంప కూర డబ్బాలకెత్తాం. విహారయాత్ర మగవాళ్లకి కారు తాళం తిప్పినప్పుడు మొదలవుతుంది. మనకి ముందురోజు రాత్రి చింతపండు నానబెట్టినప్పుడే మొదలైపోతుంది. కార్తీకమాసం వనభోజనాలూ అంతే కదా! ఉసిరిచెట్టు కింద ఆయనగారు పేకముక్కలు పంచుతుంటే, ఆ పక్కనే మనం వంకాయలు తరుగుతూ ఉంటాం. చెట్టు మారిందే తప్ప కత్తిపీట మారలేదు. ఈమధ్య వనభోజనాలు కులసంఘాల సభలయిపోయాయి. క్యాటరింగ్ వాళ్లొచ్చారు కాబట్టి మనకి వంట తప్పింది. వనమూ తప్పిందనుకోండి, అది వేరే సంగతి.

అనంతగిరి కాఫీతోటలు దాటాక ఓ పాక దగ్గర కార్లు ఆపారు. అప్పటికే చలి. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది, జనవరిలో మధ్యాహ్నం ఎండ కూడా వెచ్చగా తగలదు. నిప్పు కనబడగానే అందరం అటే నడిచాం.

బొంగు చికెన్ గురించి వినని వాళ్లుండరు గాని, చేస్తుంటే దగ్గరుండి చూడడం నాకు అదే మొదలు. ఓ కణుపు దగ్గర మూసుకుని ఉండేలా, రెండో కొస తెరుచుకుని ఉండేలా పచ్చివెదురుని గొట్టాలుగా కోశారు. కోడిముక్కలకి అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, మసాలా పట్టించి గొట్టంలో కూరారు. చుక్క నూనె లేదు. మూతి బిగించడానికి అడ్డాకు కుక్కి నిప్పుల మీద పడుకోబెట్టారు. ఇక తిప్పుతూ ఉండటమే. పైన వెదురు నల్లగా మాడుతుంది, లోపల పచ్చిబొంగులోని తడి ఆవిరై ముక్క ఉడుకుతుంది. ఎండిన వెదురు పనికిరాదట. కూర ఉడికేలోపే అంటుకుపోతుందట. ఇది మన అరకు వాళ్ల సొంతం అనుకుంటాం గాని, వెదురు ఉన్న కొండలన్నిటా ఈ తెలివి ఉంది. నాగాలాండ్‌లో పందిమాంసం ఇలాగే వండుతారు. వియత్నాం కొండల్లో జిగురుబియ్యం వండుతారు. మలేసియాలో రంజాన్ పండక్కి కొబ్బరిపాలతో బొంగుల్లో వండే జిగురన్నాన్ని లెమాంగ్ అంటారు.

నేను చూసింది మాత్రం కోడిని కాదు, ఆ పాకలో మనుషుల్ని. కోడి కోసి కడిగింది ఆయన. కారం కలిపింది ఆయన భార్య. అడ్డాకు మడిచి ఇస్తున్నది ఆయన తల్లి. మసిగుడ్డతో చెక్కబల్ల తుడిచింది మళ్లీ ఆయనే. ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. మా మామగారు ముందు చేతులు కాచుకుందామని కూర్చున్నారు. తర్వాత "ఇది తిప్పొచ్చా?" అన్నారు. ఇంకో పక్క మావారు, ఆయన పక్కన మా మరిది. మా మామగారు నా చేతి కాఫీ తాగిన గ్లాసు ఏనాడూ సింకులో పెట్టి ఎరగరు!

అప్పుడనిపించింది నాకు, వంట ఆడవాళ్ల పని అని మొగవాళ్ల బుర్రలో పాతుకుపోవడానికి సగం కారణం వంటింటి గోడలేమోనని. ఇల్లు కట్టినప్పుడు హాలు పెద్దది, పడగ్గది పెద్దది, వంటగది మాత్రం ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలేంత. అక్కడికి వెళితే కబుర్లుండవు, టీవీ కనబడదు, ఎవరూ పలకరించరు. చేసిన పని ఎవరి కంటా పడదు. కంటబడని పనికి మెప్పేముంటుంది? అదే పొయ్యి ఆరుబయట ఉందనుకోండి, చుట్టూ జనం, మాటలు, నవ్వులు. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది మగవాళ్లే కదా! ఎండ బాగా కాసే దేశాలన్నిటా ఇదే వరస. ఆస్ట్రేలియాలో పార్కుల్లో జనం వండుకోవడానికి పొయ్యిలు కట్టించి పెడతారు. దక్షిణాఫ్రికాలో సెప్టెంబర్ 24న వచ్చే వారసత్వ దినాన్ని చాలామంది నిప్పుల మీద మాంసం కాల్చుకునే పండగ కిందే లెక్కేస్తారు. అక్కడా నిప్పు దగ్గర నిలబడేది ఎక్కువగా మగవాళ్లే.

ఈ మాటే మా ఆడపడుచుతో ఫోనులో అంటే పకపకా నవ్వింది. వాళ్లాయన డల్లాస్‌లో పెరటి గ్రిల్ దగ్గరికి ఈవిణ్ని రానివ్వరట. "ముందురోజు రాత్రి చికెన్ నానబెట్టింది నేను. ఉల్లిపాయ చక్రాలు తరిగింది నేను. ఆఖర్న ఆ జిడ్డు జల్లెడ తోమేది కూడా నేనే వదినా. మధ్యలో ఏప్రాన్ కట్టుకుని ముక్కలు తిప్పేది ఆయన. వచ్చినవాళ్లంతా 'అన్నయ్యా, అదరగొట్టారు' అని ఆయనకే చెప్పి పోతారు" అంది. అంటే తిప్పడం ఒక్కటే బయటికొచ్చింది, తరగడం, తోమడం వంటింట్లోనే ఉండిపోయాయన్నమాట.

అలా చూస్తే అరకు పాకలో ఆయన ఎంతో నయమనిపించి, ఆమెతో "మీ ఆయన మంచోడమ్మా, అన్నీ చేస్తున్నాడు" అన్నాను. ఆమె బొంగు చీలుస్తూ తలెత్తకుండానే అంది కదా, "ఇక్కడైతే చేత్తాడమ్మా, డబ్బులొత్తాయి గదా. ఇంటికాడ పొయ్యి నాదే."

నా సిద్ధాంతం అంతా అక్కడే కుప్పకూలింది.

ఇంకో మాట కూడా అంది. "కట్టెల పొయ్యి మీద వంట ఎంత రుచో!" అని మా తోటికోడలు మురిసిపోతుంటే, "మీకు ఒకరోజు గదమ్మా, సరదాగుంటాది. రోజూ అయితే కళ్లు మండుతాయి" అంది. వాళ్లింట్లో గ్యాసు బండ ఉంది. కాని వానాకాలం కట్టెలు తడిసినప్పటికని దాచుకుని వాడుతుందట. మిగతా రోజులు కట్టెలే. పొద్దున్నే వెళ్లి ఏరుకొచ్చి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని దిగిరావాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది, 2024 నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి మూడు బండలు ఉచితంగా ఇస్తామన్నారు. కనెక్షన్ ఇవ్వడం ఒకటి, బండ అయిపోతే మళ్లీ కొండ మీది ఊరికి చేరడం ఒకటి. ఇళ్లలో వంటపొగ వల్లే ప్రపంచంలో 2020లో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎక్కువగా పొగ పీల్చేది పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు. ఇదంతా తెలిసి కూడా మనం కొండమీది ఆడవాళ్లతో "మీ పాతకాలం పొయ్యి ఎంత బావుందో" అనడం తప్పు. నేనూ అన్నదాన్నే కాబట్టి చెబుతున్నాను.

మనం కొండెక్కి చేసే వంటల గురించి ఇంకొక్క ముక్క. పాడేరు దగ్గర వంజంగి మేఘాలు చూడ్డానికి రాత్రికి రాత్రి గుడారాలేసుకునే కుర్రకారు పెరిగిపోయారు. వాళ్లు పోయాక మేఘాలు విడిపోతే కింద కనబడేవి ప్లాస్టిక్ గ్లాసులు. 2022 జూలై నుంచి నిషేధం ఉన్నదే, అయినా సరే! కొండమీద అడ్డాకు విస్తరికి లోటా? నిప్పు ఆర్పకుండా వచ్చేస్తే ఎండాకులు అంటుకుంటాయి. చలిగా ఉందని నిప్పుల కుంపటి గుడారంలోకో, తలుపులు మూసిన గదిలోకో తెచ్చుకుంటే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పిల్లల్ని పంపేటప్పుడు స్వెట్టర్ పెట్టుకోమని చెప్పడంతో పాటు ఇదీ చెప్పండి.

మరి ఇంతకీ పొయ్యి బయటికి రావాలా, వద్దా? రావాలనే అంటాను. కొండమీద ఆమె పొయ్యి గురించి కాదు, మన పొయ్యి గురించి. ఆమెకి పొగలేని పొయ్యి కావాలి, మనకి గోడల్లేని పొయ్యి కావాలి. వారానికి ఒక్క పూటైనా.

దానికి అరకు దాకా పోనక్కర్లేదు. మనకి డాబా ఉంది. ఉండేది అనాలేమో! విజయనగరంలో మా పుట్టింటి డాబా మీద వడియాలు, ఊరమిరపకాయలు ఎండేవి. వేసవి రాత్రుళ్లు సాయంత్రమే నీళ్లు చల్లి, పక్కలేసి, వెన్నెట్లో అందరికీ అన్నం ముద్దలు కలిపి పెట్టేది అమ్మమ్మ. ఆడవాళ్లకి ఆకాశం కనబడే చోటు అదొక్కటే. ఇప్పుడు మా అపార్టుమెంటు డాబాకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, అనుమతి ఇంకొకరి దగ్గర. పైన ఉన్నవి నీళ్లట్యాంకులు, డిష్ యాంటెన్నాలు. నలభై కుటుంబాలు డబ్బు పోసి కొనుక్కున్న ఇంటికి ఆకాశం లేదు.

నేను అడిగాను. మీటింగులో ఒక పెద్దాయన "డాబా మీద వంటేమిటమ్మా, స్లాబు పాడవుతుంది" అన్నారు. నిజమే, స్లాబు మీద నేరుగా నిప్పు పెట్టకూడదు. ఇటుకలు పేర్చి, పైన ఇసుక పోసి, దాని మీద ఇనప కుంపటి పెడతామన్నాను. బకెట్టు నీళ్లు పక్కనే ఉంచుతామన్నాను. పొగ రాకుండా కట్టెలు కాకుండా బొగ్గులే వాడతామన్నాను. రెండు నెలలు తిరిగితే, నెలకి రెండు ఆదివారాలు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదింటి దాకా తాళం తీస్తామన్నారు. ఐదు కుటుంబాలు కలిశాం.

షరతు మాత్రం ఆడవాళ్లం పెట్టాం. ఏదీ కింద తరిగి తేవడానికి వీల్లేదు. కూరలు పైకే వస్తాయి, కత్తులు పైకే వస్తాయి. అంట్లు కూడా పైనున్న కుళాయి దగ్గరే. తినేవాళ్లంతా ఏదో ఒకటి చెయ్యాలి. వైజాగ్‌లో పచ్చిబొంగు ఎక్కడ దొరుకుతుంది గనక! చిలగడదుంపలు, మొక్కజొన్నపొత్తులు, పచ్చడికి వంకాయలు కాల్చుకున్నాం. మూడో అంతస్తు బామ్మగారు తన పెళ్లినాటి రోలు మనవడి చేత మోయించుకొచ్చి, పచ్చడి నూరడం అతనికే నేర్పించారు. మొదటిసారి ఇద్దరు మగవాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్లకి ఆఖర్న పెట్టాం. రెండోసారి వాళ్లే ఉల్లిపాయలు తీసుకున్నారు.

ఆ రెండో ఆదివారమే, వంకాయలు కాలాక మావారు అటూ ఇటూ చూసి, "ఉప్పు ఏదీ?" అన్నారు. తేవడం మరిచిపోయాం. నేను లేవలేదు. "వంటింట్లో రెండో అరలో, పసుపు డబ్బా పక్కన" అన్నాను. దిగి వెళ్లారు. పది నిమిషాలకి పైకొచ్చి డబ్బా నా చేతిలో పెట్టారు. మూత తీసి చూస్తే పంచదార.

మళ్లీ పంపించాను.