పిట్టగోడ లేని ఇల్లు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. కనీసం 10 వేల మంది చనిపోయారు. ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా ‘పాపం పండింది’ అనే మాట మన నోట తేలిగ్గా వస్తుంది. సిలోయము గోపురం కూలి 18 మంది మరణించినప్పుడు, వారు ఇతరులకన్నా ఎక్కువ పాపులు కారని యేసుప్రభువు తేల్చిచెప్పాడు (లూకా 13:4).

గాలి అందరి మీదా వీస్తుంది, పూరిగుడిసె ముందు కూలుతుంది. 1999లో ఒడిశా పెను తుపాను దాదాపు 10 వేల మందిని బలిగొంది. 2013లో అదే రాష్ట్రాన్ని ఫైలిన్ తాకేలోగా లక్షలాది మందిని తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. సముద్రం మారలేదు, మనుషుల సిద్ధపాటు మారింది.

ఇంటికప్పుకు పిట్టగోడ కట్టకుండా, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఆ ఇంటిదేనంటుంది ధర్మశాస్త్రం (ద్వితీ. 22:8). తుపాను వెలిశాక దుప్పట్లు పంచడం మంచిదే. కానీ హెచ్చరిక రాగానే మన చర్చి తాళం తీసేదెవరు? నడవలేని అవ్వను మోసుకొచ్చేదెవరు? పడవా వలా పోతాయని ఇల్లు కదలని జాలరికి నచ్చజెప్పేదెవరు? ఆ పేర్లు ఈ ఆదివారమే రాసుకుందాం. పొరుగువానిని ప్రేమించడమంటే అతని కోసం ముందుగా పిట్టగోడ కట్టడమే.