రెండు తెరల నడుమ

తెలుగులో ‘తెర’ అనే మాటకు అల అని అర్థం ఉంది. మరుగు అనీ అర్థం ఉంది. చలనచిత్రం వచ్చిన తరువాత అది వెండితెర అయింది. టెలివిజన్ వచ్చాక బుల్లితెర అయింది. ఇప్పుడు అరచేతిలో ఇమిడిపోయే సెల్‌ఫోను తెర అయింది. ఒకే మాటకు గల ఈ అర్థాలన్నీ ఒకే మనిషి ఎదుట ఒకేసారి నిలబడే చోటు చూడాలంటే నెల్లూరు తీరానికి వెళ్ళాలి. కావలి దాపున ఉన్న తుమ్మలపెంట మొదలుకొని జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు మీదుగా కృష్ణపట్నం దాకా ఏ పల్లెపాలెంలోనైనా తెల్లవారుజామున పడవను నీటిలోకి నెట్టబోయే మత్స్యకారుడు ముందుగా చేతిలోని తెరను చూస్తాడు. ఆ తరువాతే సముద్రపు తెరను చూస్తాడు. అతని తండ్రి కాలంలో చూడవలసిన తెర ఒక్కటే.

ఆ తండ్రికి ఆకాశమే పంచాంగం. చుక్కల పొడుపు, గాలి మళ్ళింపు, నీటి రంగు, కొంగలు దిగే తావు అతనికి అక్షరాలు. ఆ విద్యను తక్కువగా చూడడం తగదు. అయితే దానికి హద్దులున్నాయన్న సంగతిని ఈ తీరం ఎంతో మూల్యం చెల్లించి తెలుసుకొంది. 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన పెను తుపానును నాటి పెద్దలు నేటికీ తలచుకొంటారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయం గాలి లేదు, వాన లేదు. చూసి తెలుసుకోవడానికి ఆకాశంలో ఏ గుర్తూ లేదు. తండ్రి నేర్పిన విద్యలో ఆ అలకు పాఠం లేదు.

ఆ లోటును తీర్చడానికి పూనుకొన్నది మొదట ప్రభుత్వ విజ్ఞాన సంస్థలే. 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రాన్ని అందరూ ‘ఇన్‌కాయిస్’ అని పిలుస్తారు. 2007లో అక్కడే సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం నెలకొన్నది. చేపలు లభించే అవకాశమున్న ప్రాంతాలను తెలిపే సూచనలనూ ఆ సంస్థే వెలువరిస్తుంది. ఇందులోని కిటుకు విద్యార్థులు తెలుసుకోదగినది. ఉపగ్రహానికి చేప కనిపించదు. సముద్రపు పైపొరలోని వేడిమి, నీటి రంగు మాత్రమే దానికి తెలుస్తాయి. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే చోట సూక్ష్మజీవులైన నీటి మొక్కలు దట్టంగా పెరుగుతాయి. వాటిలోని పత్రహరితం వల్ల నీటి రంగు మారుతుంది. వాటిని మేయడానికి చిన్న చేపలు, చిన్న చేపలకోసం పెద్ద చేపలు చేరతాయి. కనుక రంగునూ వేడిమినీ బట్టి చేపను ఊహిస్తారు. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా, ఎన్ని కిలోమీటర్ల దూరాన, ఎంత లోతున అన్నది తెలుగులోనే చెబుతారు. నీటి రంగును చూసి చేపను పసిగట్టడం పాత మత్స్యకారుని విద్యే కదా! అదే విద్యను ఆకాశానికి ఎక్కించారు. అలా రంగును చూసే ఓషన్‌శాట్ ఉపగ్రహాలలో మొదటిది 1999 మే 26న, రెండవది 2009లో, మూడవది 2022లో శ్రీహరికోట నుంచే బయలుదేరాయి. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరగడానికి పూర్వం శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనిదే. ఈ ఒడ్డు నుంచి ఎగిరిన కన్ను ఈ ఒడ్డునే చూస్తున్నది.

ఇదొక తెర. ఇక రెండవది వ్యాపార సంస్థల తెర. వాటిలో గూగుల్ సంస్థను ఉదాహరణగా తీసుకొంటే చాలు. 1998లో అమెరికాలో అన్వేషణ యంత్రంగా మొదలైన ఈ సంస్థ 2004లో ఉత్తరాల సేవను, 2005లో పటాల సేవను తెచ్చింది. 2011 జూన్‌లో తన యాంత్రికానువాదంలో తెలుగుకు చోటిచ్చింది. 2017 సెప్టెంబరులో ‘తేజ్’ అనే చెల్లింపుల సేవను తొలినాటి నుంచే తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ప్రవేశపెట్టి, మరుసటి ఏడాది దాని పేరును ‘గూగుల్ పే’గా మార్చింది. ఆ చెల్లింపులకు ఆధారమైన యూపీఐ వ్యవస్థ మాత్రం గూగుల్ సృష్టి కాదు. అది 2016లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ నిర్మించినది. రహదారి ప్రజలది, దానిమీద తిరిగే బండ్లు వ్యాపారులవి అన్నమాట. ఈ తేడా చాలామందికి తెలియదు. బండి వేసిన రంగే రహదారి రంగు అనుకొంటారు.

ఈ సేవల మేలును కాదనడం కృతఘ్నత. అయినా ఒక మామూలు దృశ్యాన్ని గమనించాలి. తెల్లవారేసరికి పాలెంలో వేలం పాడి కొన్న వంజరం, చందువ, కానాగంతలను గంపకెత్తుకొని మత్స్యకార స్త్రీ నెల్లూరు వీధులలో తిరుగుతుంది. ఒకప్పుడు చిల్లర లేదని బేరం చెడేది. ‘రేపు ఇస్తాలే’ అన్న బాకీ రేపటికి రేపుగా సాగిపోయేది. ఇప్పుడు గంప అంచుకు గళ్ళగళ్ళ చతురస్రం ముద్రించిన అట్ట ఒకటి వేలాడుతుంటుంది. కొనేవాడు దానిని ఫోనుతో చూసి డబ్బు పంపుతాడు.

“పంపించాను, పడిందా అక్కా?” అని అడుగుతాడు.

“ఏమో అబ్బయా, సాయంత్రం మావాడు చూసి చెప్పాల” అంటుంది ఆమె.

ఈ చిన్న సమాధానంలో పెద్ద చిక్కు ఉన్నది. నోటు చేతికి వచ్చిన కాలంలో ఆ డబ్బు ఆమె చీర చెంగున ముడిపడేది. బియ్యానికెంత, పిల్లవాని ఫీజుకెంత, చీటీకెంత అన్న లెక్క ఆమె వేలికొసలమీద నడిచేది. తీరప్రాంతపు స్త్రీకి ఆ ముడి కేవలం సొమ్ము కాదు. ఇంటిలో ఆమె మాటకు గల బరువు. అట్ట మీది గళ్ళు కొడుకు ఖాతావో, భర్త ఖాతావో అయినప్పుడు ఆమె అమ్మిన చేపల విలువ ఆమె చేతిని తాకకుండానే మరొకరి ఫోనులో చేరుతుంది. సేవ చేసిన తప్పేమీ ఇందులో లేదు. ఎవరి పేరున ఖాతా తెరిచినా అది అంతే శ్రద్ధగా పనిచేస్తుంది. అయితే నూతన సాధనం ఇంటిలోకి వచ్చినప్పుడు ఇంటిలోని పాత కొలతలను ఎలా మారుస్తుందో దానిని రూపొందించినవారికి కనబడదు. కనబడవలసినది వాడేవారికే.

ధర తెలిస్తే చాలు, బీదవాడు బాగుపడతాడని ఒక వాదన ఉన్నది. దానికి ఆధారం లేకపోలేదు. కేరళ తీరంలో 1997 తరువాత సెల్‌ఫోన్లు రావడంతో ఏ రేవులో ధర ఎక్కువో సముద్రం మీదనే తెలుసుకొని పడవలను అటు మళ్ళించారనీ, చేపలు అమ్ముడుపోక పారబోయడం తప్పిందనీ, మత్స్యకారుల లాభం పెరిగి కొనేవారికి ధర తగ్గిందనీ అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రకటించిన పరిశోధన వెల్లడించింది. ఇది హర్షించదగినదే. కాని పడవకో వలకో షావుకారు వద్ద ముందుగా సొమ్ము తెచ్చుకొన్నవాడు తన చేపను ఆ షావుకారుకే అప్పగించాలి. పొరుగు రేవులో కిలోకు వంద రూపాయలు ఎక్కువ పలుకుతున్నట్లు ఫోను చూపినా అతని పడవ అటు తిరగదు. తెర ధరను చూపగలదు, అప్పును విప్పలేదు. రొయ్యల చెరువుల రైతు స్థితి కూడా ఇంచుమించు ఇదే. ఏ కౌంటు రొయ్యకు ఏ ధర పలుకుతున్నదో అతనికి ఉదయాన్నే తెలుస్తుంది. అయినా మేతను అరువు ఇచ్చినవాని మాట కాదనడం కష్టం.

ఇక భాష సంగతి. యంత్రం తెలుగు నేర్చిందని సంతోషించడంలో తప్పులేదు. 2017లో ఆ యంత్రానువాదానికి నాడీవ్యవస్థను పోలిన కొత్త పద్ధతి జతపడి, పదానికి పదం పేర్చడం తగ్గి, వాక్యమంతటినీ ఒక్కటిగా గ్రహించడం మొదలైంది. అంతకు ముందటి అనువాదాలను చదివి నవ్వుకొన్నవారు తరువాత ఆశ్చర్యపోయారు. అయినా నెల్లూరు వారికి ఈ విషయంలో కాస్త పట్టింపు ఎక్కువే ఉండాలి. పదమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి ఆస్థానంలో ఉంటూ, పినాకినీ తీరాన విరాటపర్వం మొదలు పదునైదు పర్వాల భారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి ఊరు ఇది. మూలంలోని మాటకు మారుమాట వెదకడం ఆయన పని కాలేదు. ఎవరు, ఎవరితో, ఏ మనఃస్థితిలో మాట్లాడుతున్నారో చూసి తెలుగు పలికించడం ఆయన పని అయింది. యంత్రాన్ని తిక్కనతో పోల్చడం దానికి అన్యాయమని కొందరనవచ్చు. నిజమే. కాని సముద్రం మీదికి వెళ్ళేవానికి అనువాదం కావ్యానందం కోసం కాదు, ప్రాణం కోసం. ‘పోటు’ అంటే సముద్రం పొంగడం; ‘పోటు’ అంటే కత్తి దిగడం; తలపోటులోనూ ఆ పోటే ఉన్నది. ‘పాటు’ అంటే నీరు వెనుకకు తీయడం, పాటుపడడమూ పాటే. సందర్భం ఎరుగని అనువాదకుడు, మనిషైనా యంత్రమైనా, ఇక్కడ తడబడక తప్పదు. తీరభాష గ్రంథాలకు ఎక్కింది తక్కువ. యంత్రమేమో ఎక్కిన గ్రంథాల నుంచే నేర్చుకొంటుంది. పాలెం వాడుకలోని వలల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు సేకరించి రాసిపెట్టడంలో విశ్వవిద్యాలయాలు చూపిన అలసత్వానికి యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు.

సేవ ఉచితం కదా, ఉచితంగా వచ్చినదాని మీద ఫిర్యాదేమిటి అని యువకులు తరచుగా అడుగుతారు. మూల్యం లేదన్నది పైచూపు మాత్రమే. ఎక్కడ తిరిగాడు, ఏమి వెదికాడు, ఏమి కొన్నాడు అన్న ఎరుకే ప్రకటనల వ్యాపారానికి పెట్టుబడి. నగరవాసి దీనిని అంతగా పట్టించుకోడు. మత్స్యకారునికి మాత్రం తాను తిరిగిన చోటు పరమ రహస్యం. మంచి చేప దొరికే తావును పాత తరం వారు తోడల్లునికి కూడా చెప్పేవారు కాదు. తిరిగిన దారినంతా గుర్తుపెట్టుకొనే పరికరాన్ని జేబులో వేసుకొని, ఆ అనుమతి ఎప్పుడు ఇచ్చాడో కూడా ఎరుగని కొడుకును చూస్తే ఆ తాత ఏమనేవాడో! మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చట్టం వచ్చింది. చట్టం రావడం వేరు, దాని సంగతి పాలెం దాకా చేరడం వేరు.

అన్నింటికంటె ఆలోచించవలసింది సేవ ఆగిపోయే రోజును గురించి. 2004లో మొదలై మన దేశపు యువతను ఊపివేసిన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసివేసింది. వార్తలను ఒకచోట చేర్చి చదివించే రీడర్‌ను 2013లో, గూగుల్ ప్లస్‌లోని వ్యక్తిగత ఖాతాలను 2019లో నిలిపివేసింది. మూసేముందు గడువిచ్చారు, రాతలు దాచుకొమ్మన్నారు. మర్యాద పాటించారనే చెప్పాలి. అయినా మూయాలా వద్దా అని వాడేవారిని అడగలేదు. అడగవలసిన బాధ్యత వారికి లేదు. స్నేహితుల కబుర్లు పోతే కొంత బాధ. ఒక ఊరి వ్యాపారమంతా, దారి వెదుకులాటంతా ఒకే అంగడి మీద ఆధారపడిన తరువాత ఆ అంగడి తలుపు మూస్తే కలిగే బాధ వేరు. ప్రభుత్వ సంస్థను ప్రశ్నించడానికి శాసనసభ్యుడున్నాడు, 2005 నాటి సమాచార హక్కు చట్టమున్నది. ప్రభుత్వ సేవలన్నీ నిర్దుష్టమని దీని అర్థం కాదు. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహ సూచన అందదు. తెర మీద అందంగా కనిపించడంలో, పిలవగానే పలకడంలో వ్యాపార సంస్థలకు ఉన్న నేర్పు సర్కారువారికి లేదు, నేర్చుకోవలసి ఉన్నది.

మరొక విషయం కూడా ఉన్నది. ఒడ్డు విడిచి కొంత దూరం వెళ్ళగానే ఫోనుకు సంకేతం అందదు. పటమూ, ధరా, ఉత్తరమూ అక్కడ మూగవోతాయి. ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే. కొనుగోలుదారులు లేని ఆ నీటి మీద ఏ అంగడీ వెలవదు గదా! 2019లో ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి ‘జెమిని’ అనే పరికరాన్ని వెలువరించాయి. అది ఉపగ్రహం నుంచి నేరుగా హెచ్చరికలను అందుకొని పడవలోని ఫోనుకు చేరవేస్తుంది. దానికి వచ్చిన ప్రచారం మాత్రం చెల్లింపుల సేవలకు వచ్చినదానిలో ఆవగింజంత కూడా లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరంలో మరపడవల వేట అరవై ఒక్క రోజులు నిషేధం. ఆ రోజుల్లో చేపల జాడ చెప్పే సూచనలూ వెలువడవు. పడవలు ఇసుకమీద ఉంటాయి. సరుగుడు తోపుల నీడలో వలలు బాగుచేసుకొనే పెద్దల పక్కన కాలేజీ సెలవులకు వచ్చిన పిల్లలు ఫోన్లు పట్టుకొని కూర్చుంటారు. గంపలకు కట్టిన అట్టల మీద ఎవరి పేరున్నదో చూసి, తల్లిని బ్యాంకుకు తీసుకొనిపోయి, ఆమె పేరున ఖాతా తెరిపించడానికి ఒక పూట చాలు. సొమ్ము పడగానే తెలుగులో బిగ్గరగా చెప్పే సౌండుబాక్సు ఒకటి గంపలో పెడితే, ఎంత పడిందో తెలుసుకోవడానికి ఆమె సాయంత్రం దాకా ఎదురుచూడనక్కరలేదు.