గాలిమరల నూతన రూపములు

గాలి యెప్పుడు ఏ దిక్కునకు మళ్లునో ఎవరికిని తెలియదు. నేడు లోకమంతట కానవచ్చు మూడు రెక్కల మర, గాలి మళ్లినప్పుడెల్ల తానును మోము త్రిప్పుకొనవలసియున్నది. ఆ శ్రమ లేని మర కావలెనను కోరిక చిరకాలమునాటిది. ఫ్రెంచి ఇంజనీరు జార్జి డారియస్ 1931లో అమెరికా పేటెంటు పొందిన మర ఇట్టిది. నిలువు స్తంభమునకు ఇరుప్రక్కల విండ్లవలె వంగిన రెక్కలు గల ఈ మర ఏ దిక్కు గాలికైనను తిరుగును. బరువైన విద్యుదుత్పాదక యంత్రమును నేలమీదనే నిలుపవచ్చును. మరమ్మతునకై పనివాడు గోపురమంత యెత్తు ఎక్కనక్కరలేదు.

ఇన్ని సుగుణములున్న మర లోకమున ఏల వ్యాపింపలేదు? గాలివేగము రెట్టింపైనచో అందలి శక్తి ఎనిమిది రెట్లగును. ఆ వేగము పైయెత్తుననే గలదు. నేలకు చేరువనున్న రెక్కలకు మందగాలియే దక్కును. అదిగాక, ప్రతి చుట్టునందును రెక్కపై ఒత్తిడి అటునిటు మారుచుండును. ఇట్లు అహర్నిశము వంగి లేచు లోహము అలసి పగులును.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున కాప్‌షా అనుచోట 1980వ దశకమున సుమారు 110 మీటర్ల యెత్తుగల ఇట్టి మరను నిలిపిరి. దాని పేరు ఎయోల్. 1993లో అడుగు బేరింగు చెడిపోగా అది ఆగిపోయినది. పిమ్మట యాత్రికుల వేడుకకు మిగిలినది. మర భారమంతయు మోయు భాగమే చెడినపుడు అది నేలకు దగ్గరనున్నందున కలిగిన మేలేమి?

వేరొక హద్దు కూడ కలదు. తన రెక్కలు చుట్టు మేర వీచు గాలిశక్తిలో నూటికి 59 పాళ్లకు మించి ఏ బహిరంగపు మరయు గ్రహింపజాలదని జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ నిరూపించెను. మంచి మూడు రెక్కల మర అనువైన గాలిలో ఇప్పటికే 40 పాళ్లు దాటుచున్నది. కావున అదే మేరలో రెట్టింపు విద్యుత్తు నిత్తుమను ప్రకటనలను నమ్మరాదు.

అంతమాత్రమున నూతన రూపములన్నియు త్రోసివేయదగినవి కావు. ఫిన్లాండువాసి సిగర్డ్ సవోనియస్ నిర్మించిన మర, నిలువున చీల్చి ఎదురెదురుగ జరిపిన పీపావంటిది. శక్తి తక్కువయైనను మందగాలికే కదలును. నీరు తోడుట మొదలగు చిన్న పనులకు అది చాలును. పని యెరిగి మరను ఎన్నుకొనుట వివేకము.

ఎద్దును కొను రైతు కొమ్ముల సొగసు చూచి సొమ్ము చెల్లింపడు. కాడి కట్టి దున్ని చూచును. ప్రజాధనము కోరు ప్రతి నూతన మరకును అదే పరీక్ష జరుగవలెను. మూడు రెక్కల మర ప్రక్కనే నిలిపి, వర్షమున ఎండలో ఏండ్ల తరబడి త్రిప్పి, ఇచ్చిన యూనిట్లను, మరమ్మతుల ఖర్చును లెక్కకట్టి ప్రకటింపవలెను. ఆ లెక్కకు నిర్మాతలేగాక సందేహించువారును తల యొగ్గవలెను.