పుస్తకం కొనేముందు ‘కొరికే అధ్యాయం’ చదవండి

ఇంట్లోకి కుక్కపిల్ల వచ్చిన నెల రోజుల్లో రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, ఎవరివో ఒకరి చెప్పులు జత తప్పుతాయి. రెండోది, ఎవరో ఒకరు ట్రైనింగ్ పుస్తకం ఆర్డర్ పెడతారు. చెప్పులతో మొదలైన వ్యవహారం సోఫా అంచుకు, పిల్లల స్కూలు బూట్లకు, టీవీ రిమోట్‌కు పాకేసరికి ఇంట్లో పార్టీలు తయారవుతాయి. ‘రెండు తగిలిస్తేగానీ మాట వినదు, పుస్తకంలోనూ అదే రాశారు’ అంటారు నాన్న. ‘పాపం పసిది, పెద్దయితే అదే మానేస్తుంది’ అంటుంది నాన్నమ్మ. ‘యూట్యూబ్‌లో వేరేలా చెప్పారు’ అంటారు పిల్లలు.

కుక్కల్ని పెంచేవాళ్లు పార్కులోనో, వెటర్నరీ క్లినిక్ బెంచీ మీదనో కలిసినా ఇదే చర్చ. పుస్తకాలన్నీ దండగ అని కొందరంటారు. ఫలానా పుస్తకంతో తమ కుక్క దారిలోకి వచ్చిందని ఇంకొందరంటారు. ఏ కుక్క తీరు దానిదే, పుస్తకం ఏం చెబుతుందని మరికొందరు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే ‘పుస్తకాలు మంచివా, కాదా’ అన్న ప్రశ్నకు సమాధానం లేదు. ఏ పుస్తకం అన్నదే ప్రశ్న. దాన్ని తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. వస్తువులు కొరకడం గురించి ఆ పుస్తకం ఏం చెబుతోందో చూడండి. కుక్క కొరికేశాక దాన్ని ఏం చేయాలో చెప్పే పుస్తకాన్ని అక్కడే వదిలేయండి. కొరకకముందు ఇంట్లో మీరేం చేయాలో చెప్పే పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకోండి.

అసలెందుకు కొరుకుతుంది?

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. సుమారు నాలుగో నెల నుంచి అవి ఊడిపోతూ, ఆరేడు నెలలు వచ్చేసరికి 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు సలుపుతుంటాయి. ఏదో ఒకటి నమిలితే ఉపశమనం. పళ్లు వచ్చే పసిపాప దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం లాంటిదే ఇదీ. పైగా కుక్కకు చేతులు లేవు. వస్తువు గట్టిదా, మెత్తదా, తినేదా, కాదా అని తెలుసుకునేది నోటితోనే.

పళ్లు వచ్చేశాక కూడా కొరుకుతుంటే కారణాలు వేరే. వేటగాడు కొట్టిన పక్షిని నోట కరుచుకు రావడానికి తయారైన జాతి లాబ్రడార్. అలాంటిదాన్ని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంచితే, అది తనకో పని వెతుక్కుంటుంది. కొన్ని కుక్కలకు ఒంటరిగా ఉండటమే భయం. మీరు గడప దాటిన కాసేపటికే తలుపు అంచులు, కిటికీ చట్రాలు గీరడం, ఏడుపు, చొంగ కార్చడం, ఇంట్లోనే మూత్రం పోయడం కనిపిస్తే అది అల్లరి కాదు, ఆందోళన. దీపావళి టపాసుల రాత్రి తలుపు చెక్క కొరికే కుక్కదీ అదే బాధ. మట్టి, సున్నం, గుడ్డపీలికలు పనిగట్టుకుని తింటుంటే కడుపులో పురుగులు, రక్తహీనత, జీర్ణకోశ సమస్యలు ఉన్నాయేమో పరీక్ష చేయించాలి.

ఇన్ని కారణాల్లో ‘కక్ష’ ఎక్కడా లేదు. ‘నిన్న వాకింగ్‌కు తీసుకెళ్లలేదని కోపంతో నా చెప్పులు చింపింది’ అని చాలామంది అంటుంటారు. చెప్పుల్లో మీ వాసన ఉంటుంది, తోలు మెత్తగా ఉంటుంది, గుమ్మం దగ్గర నేల మీద అందుబాటులో ఉంటాయి. దానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

‘నేనే బాస్’ పుస్తకాల కథ

మరి కొట్టమని చెప్పే పుస్తకాలు ఎక్కడి నుంచి వచ్చాయి? జర్మనీలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కాన్రాడ్ మోస్ట్ 1910లో ఒక పుస్తకం రాశారు. కుక్కకూ మనిషికీ మధ్య ఎవరిది పైచేయి అన్నది తేలాలన్నది ఆయన వాదన. అమెరికాలో 1962లో వచ్చిన విలియం కోహ్లర్ పుస్తకం ఏళ్ల తరబడి అమ్ముడుపోయింది. తోటలో గొయ్యి తవ్వే కుక్కకు ఆ గోతినే నీళ్లతో నింపి, అందులో తల ముంచాలని అందులో ఉంది. 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ స్కీట్ మఠం సన్యాసులు రాసిన పుస్తకం, తప్పు చేసిన కుక్కను వెల్లకిలా పడేసి నొక్కిపట్టే పద్ధతికి బాగా ప్రచారం తెచ్చింది.

ఈ ‘బాస్’ సిద్ధాంతానికి తోడేళ్లను సాక్ష్యంగా తెచ్చారు. రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త 1947లో, బంధించి ఉంచిన తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశారు. డేవిడ్ మీచ్ 1970లో తోడేళ్లపై రాసిన పుస్తకంతో ఆ ఆలోచన లోకమంతా పాకింది. తర్వాత అదే మీచ్ అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, 1999లో తన మాటను తానే దిద్దుకున్నారు. అడవిలో తోడేళ్ల గుంపంటే ఒక కుటుంబం. అక్కడ ‘నాయకులు’ అమ్మానాన్నలే. న్యూ స్కీట్ సన్యాసులు కూడా 2002లో తెచ్చిన కొత్త కూర్పులో, వెల్లకిలా పడేసే పద్ధతి వద్దన్నారు. రాసినవాళ్లే వెనక్కి తీసుకున్న సలహా మన వాట్సాప్ గ్రూపుల్లో, కాలనీ ట్రైనర్ల నోట ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ ‘తప్పు చేసిన మొహం’

‘తప్పు చేశానని దానికి తెలుసండీ, మొహం చూడండి ఎలా పెట్టిందో’ అనే మాట వినని ఇల్లుండదు. అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించారు. 14 కుక్కలు. యజమాని తినుబండారం చూపించి ‘తినొద్దు’ అని చెప్పి గదిలోంచి వెళ్లిపోతారు. తిరిగి వచ్చాక కొందరికి కుక్క తినిందని, కొందరికి తినలేదని చెప్పారు. అందులో కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. తేలిందేమిటంటే, తల దించడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడుచుకోవడం లాంటివి కుక్క తినిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. యజమాని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టి వచ్చాయి. తినకుండానే తిట్లు పడ్డ కుక్కల్లో ఆ మొహం ఇంకాస్త ఎక్కువగా కనిపించింది.

అంటే మీరు చూస్తున్నది పశ్చాత్తాపం కాదు, భయం. మధ్యాహ్నం కొరికిన బూటుకు సాయంత్రం దెబ్బ పడితే, కుక్క ఆ రెండింటినీ కలిపి చూడలేదు. ‘సాయంత్రం ఈయన ఇంటికి వస్తే దెబ్బలు’ అన్నదే దానికి అర్థమవుతుంది.

ఇది మీ పిల్లల భద్రత సంగతి

‘కొట్టాక మానేసింది కదా’ అంటారు కొందరు. మీ ఎదుట మానేసి ఉండొచ్చు. చిగుళ్ల సలుపు, ఒంటరితనం అలాగే ఉన్నాయి కాబట్టి మీరు లేనప్పుడు కొరుకుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి ప్రవర్తన సమస్యలతో తీసుకొచ్చిన 140 కుక్కల యజమానులను ప్రశ్నించి, 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కుక్కను కొట్టిన లేదా తన్నిన వాళ్లలో 43 శాతం మందిపై అది తిరగబడింది. నోట్లోని వస్తువును బలవంతంగా లాక్కున్న వాళ్లలో 39 శాతం మందికి, వెల్లకిలా పడేసి నొక్కిపట్టిన వాళ్లలో 31 శాతం మందికి అదే అనుభవం. అవి అప్పటికే సమస్యలున్న కుక్కలే. కానీ పుస్తకం పట్టుకుని ‘దారిలో పెట్టే’ ప్రయత్నం జరిగేది కూడా అలాంటి కుక్కల మీదే కదా.

మీరు బూటు లాక్కున్నప్పుడు మూలిగి ఊరుకున్న కుక్క, రేపు ఐదేళ్ల పాప తన బొమ్మ కోసం దాని నోటి దగ్గర చేయి పెడితే ఊరుకుంటుందన్న నమ్మకం లేదు. ఇంట్లో కుక్కే అయినా పన్ను గీరుకుని రక్తం వస్తే వెంటనే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ‘టీకాలు వేయించిన కుక్కే కదా’ అని వదిలేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

మంచి పుస్తకం ఏం చెబుతుంది?

డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకం, బ్రిటన్‌కు చెందిన వెటర్నరీ డాక్టర్ ఇయాన్ డన్‌బార్ రాసిన పుస్తకాలు మరో దారి చూపాయి. చేయకూడని పనికి శిక్ష వెతకడం మాని, చేయాల్సిన పనికి బహుమతి ఇవ్వడం వీటి సారం. జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం కూడా 2021లో, ఏ కుక్కకైనా బహుమతితో నేర్పే పద్ధతులే వాడాలని స్పష్టంగా చెప్పింది.

అయితే ఈ మంచి పుస్తకాలనూ కళ్లు మూసుకుని పాటించలేం. అవి వెనక పెరడు, విడిగా గది ఉన్న ఇళ్ల కోసం రాసినవి. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గర, పరుపు నేల మీద, పిల్లల పుస్తకాలు చాప మీద ఉంటాయి. ఇంటికి నలుగురు పెద్దలు, నాలుగు మాటలు. మే నెలలో గాలి ఆడని మూల బోనులో కుక్కను గంటల తరబడి ఉంచితే వడదెబ్బ ఖాయం. కాబట్టి సూత్రం పుస్తకం నుంచి తీసుకుని, అమలు మన ఇంటికి తగ్గట్టు మార్చుకోవాలి.

మొదటిది, చెప్పుల స్టాండుకు తలుపు పెట్టించండి. వైర్లు, రిమోట్లు పైకి ఎక్కించండి. ఎవరూ చూడలేని సమయంలో కుక్కపిల్లను ప్రమాదం లేని ఒకే గదిలో ఉంచండి. పాత చెప్పును ఆడుకోవడానికి ఇవ్వకండి. పాతదేదో, నిన్న కొన్నదేదో దానికి తెలియదు.

రెండోది, కొరకడానికి దాని సొంత వస్తువు ఇవ్వండి. లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే శాకాహారుల ఇంట్లోనూ చక్కగా సరిపోతుంది. చల్లటి క్యారెట్ సలుపుతున్న చిగుళ్లకు హాయి. గోటితో నొక్కితే కాస్తయినా దిగని గట్టి వస్తువులు పళ్లు విరగ్గొడతాయి. ఉడికించిన ఎముకలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. సొంత బొమ్మ కొరుకుతున్నప్పుడు మెచ్చుకోండి. మనం ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

మూడోది, నోట్లో కొరకకూడనిది ఉంటే లాక్కోకుండా మార్పిడి చేయండి. చిన్న చికెన్ ముక్కో, పనీర్ ముక్కో చూపించి, వదలగానే ఇవ్వండి. వెంటపడితే దానికి అది ఆట, లేదా పోరాటం.

నాలుగోది, ఉదయం ఎండెక్కకముందు, సాయంత్రం ఎండ తగ్గాక నడక. వాసన చూడటానికి దాన్ని ఆగనివ్వండి. కుక్క బుర్రకు అదే పని. ఇక ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పాలి. నాన్న ‘వద్దు’ అన్నదాన్ని నాన్నమ్మ చాటుగా ఇస్తే ఏ పుస్తకమూ పనిచేయదు.

కారం, మిరియాలు పూసే చిట్కాల జోలికి పోకండి. కళ్లు, నోరు మండి కుక్క అల్లాడుతుంది.

ఇవి మింగితే పరుగెత్తాల్సిందే

కలరా ఉండలు, దోమల మందు, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు, చాక్లెట్, ఎండుద్రాక్ష, జైలిటాల్ ఉన్న షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, గుండ్రటి చిన్న బ్యాటరీలు కుక్కకు విషంతో సమానం. సాక్సు, మొక్కజొన్న కంకి పేగుకు అడ్డుపడతాయి. వాంతులు, తిండి మానేయడం, మలవిసర్జన ఆగిపోవడం కనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, అదే ప్రాణం మీదికి తేవచ్చు.

రోడ్డు మీదికి వెళ్లేది ఎవరు?

కొరికే అలవాటును తట్టుకోలేక, ‘ఎంత చెప్పినా వినడం లేదు’ అంటూ కుక్కను ఊరి చివర వదిలేసి వచ్చేవాళ్లున్నారు. తిండి, నీళ్లు దొరకని స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అందులో జరిమానా నామమాత్రమే కావచ్చు. మన చేతి అన్నానికి అలవాటు పడ్డ ప్రాణం రోడ్డు మీద ఎన్నాళ్లు బతుకుతుందో మీరే ఆలోచించండి. పళ్లు కుదురుకునే దాకా ఓపిక పట్టి, నడకలు పెంచి ఉంటే అలాంటి కుక్కల్లో చాలా వాటికి ఆ గతి పట్టేది కాదు.

పుస్తకం చదవడం మంచిదే. ఇంట్లో అందరూ చదివితే ఇంకా మంచిది. కొనేముందు మాత్రం విషయసూచికలో ‘కొరకడం’ ఏ పేజీలో ఉందో వెతికి, ఆ రెండు పేజీలు షాపులోనే చదవండి. అక్కడ కుక్కను లొంగదీసే మాటలే ఉంటే తిరిగి అరలో పెట్టేయండి. చెప్పుల స్టాండు గురించి, నడక గురించి, మీ ఓపిక గురించి ఉంటే డబ్బులిచ్చి తెచ్చుకోండి.