భోపాల్: తెరకెక్కేది ఒక్క రాత్రి మాత్రమే

భోపాల్ గ్యాస్ బాధితులకు అదనపు పరిహారం ఇప్పించాలంటూ కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 మార్చి 14న కొట్టేసింది. అదే ఏడాది నవంబర్ 18న నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది రైల్వే మెన్’ అనే నాలుగు ఎపిసోడ్ల సిరీస్ విడుదలైంది. తీర్పు చదివినవాళ్ల కంటే సిరీస్ చూసినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటారని చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు. 1984 తర్వాత పుట్టిన తరానికి భోపాల్ అంటే పాఠ్యపుస్తకంలో ఒక పేరా, డిసెంబర్ 3న పత్రికలో ఒక ఫొటో, ఇప్పుడు ఒక సిరీస్.

దేశం భోపాల్‌ను ఎలా గుర్తుపెట్టుకుంటోందన్న ప్రశ్నకు కోర్టు రికార్డులతో పాటు తెరమీద కూడా జవాబు వెతకాల్సింది అందుకే. ఆ జ్ఞాపకం మీదే కొన్ని లక్షల మంది వైద్యం, పరిహారం, తాగునీరు ఆధారపడి ఉన్నాయి.

రైలు కథకు ఉన్న బలం

‘ది రైల్వే మెన్’కు ఆధారం నిజంగా జరిగిన సంఘటనే. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్ స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ గులాం దస్తగీర్, ప్రయాణికులతో కిక్కిరిసిన గోరఖ్‌పూర్-బొంబాయి ఎక్స్‌ప్రెస్‌ను పైనుంచి అనుమతి కోసం ఎదురుచూడకుండా నిర్ణీత సమయానికి ముందే పంపించేశారు. ఆ గాలి పీల్చిన ఫలితాన్ని ఆయన చివరిదాకా అనుభవించారు. 2003లో కన్నుమూశారు. ఆయన లాంటి ఉద్యోగులను దేశం దాదాపు మరచిపోయింది. సిరీస్ వల్ల వాళ్ల ధైర్యం మళ్లీ చర్చకొచ్చింది. కంపెనీ నిర్లక్ష్యాన్ని అది దాచలేదు. ప్రమాదం జరగడానికి రెండేళ్ల ముందే హెచ్చరించిన భోపాల్ పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేస్వానీని గుర్తుచేసే పాత్ర కూడా అందులో ఉంది.

ఇబ్బంది కథ ఆకారంలో ఉంది. థ్రిల్లర్‌కు గడియారం కావాలి. ముప్పు రావాలి, ఎవరో ఒకరు ఎదురు నిలవాలి, తెల్లవారేసరికి రైలు గండం దాటాలి. భోపాల్‌లో ఆ గండం తెల్లవారుజామున ముగియలేదు. రైలు కథకు ముగింపు ఉంది, జె.పి.నగర్ బస్తీ కథకు లేదు. ప్రేక్షకుడు మాత్రం రెండింటికీ ఒకే ముగింపు చూసి టీవీ కట్టేస్తాడు.

ఈ కుదింపు కొత్తగా వచ్చింది కాదు. మహేశ్ మథాయ్ తీసిన ‘భోపాల్ ఎక్స్‌ప్రెస్’ 1999లో వచ్చింది. అందులో యూనియన్ కార్బైడ్ ఉద్యోగిగా నటించిన కే కే మేనన్, సుమారు పాతికేళ్ల తర్వాత ‘ది రైల్వే మెన్’లో స్టేషన్ మాస్టరయ్యారు. 2014 డిసెంబర్‌లో విడుదలైన రవికుమార్ సినిమా ‘భోపాల్: ఎ ప్రేయర్ ఫర్ రెయిన్’లో కార్బైడ్ అధిపతి వారెన్ ఆండర్సన్‌గా మార్టిన్ షీన్, ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిన రిక్షావాలాగా రాజ్‌పాల్ యాదవ్ నటించారు. ఖర్చు తగ్గించుకునే క్రమంలో భద్రతను ఎలా గాలికొదిలేశారో ఈ సినిమా కొంత వివరంగానే చూపింది. అయినా నడక ఆ రాత్రి వైపే. మూడు కథలకూ ఇరుసు డిసెంబర్ 2.

ఫ్రేములో పట్టనివి

ఆ రాత్రికి ముందు ఏం జరిగింది? 1969లో మొదలైన ఫ్యాక్టరీలో 1980 నుంచి మిథైల్ ఐసోసయనేట్ తయారీ సాగింది. 1981 డిసెంబర్‌లో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. కేస్వానీ 1982లో తన చిన్న హిందీ వారపత్రిక ‘రపట్’లో వరుసగా రాశారు. 1984 జూన్‌లో ‘జనసత్తా’లో మరోసారి హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాత్రి 610 నంబరు ట్యాంకులోకి నీరు చేరి రసాయనం మరిగిపోయినప్పుడు, దాన్ని చల్లగా ఉంచాల్సిన శీతలీకరణ వ్యవస్థ నెలల క్రితమే ఆపేసి ఉంది. బయటికొచ్చే వాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ మరమ్మతుల పేరుతో పక్కన పడి ఉంది. అసంతృప్తి చెందిన ఒక కార్మికుడి కుట్ర వల్లే ప్రమాదం జరిగిందని కంపెనీ వాదిస్తూ వచ్చింది. ప్రమాదాన్ని ఒక రాత్రికి, ఒక చేతికి కుదించే వాదన అది. మూడు నాలుగేళ్ల నిర్ణయాలను వరుసగా పెట్టి చూస్తే నిలబడదు.

తర్వాతి నలభై ఏళ్లను తెరకెక్కించడం ఇంకా కష్టం. ఊపిరి సరిగా ఆడని మనిషి చూడటానికి మామూలుగానే ఉంటాడు. బావి నీళ్లలోకి చేరిన రసాయనం రంగు కనిపించదు. భోపాల్ పేరు చెప్పగానే ప్రపంచానికి గుర్తొచ్చేది మట్టిలో సగం పూడ్చిన, కళ్లు తెరిచి ఉన్న పసిబిడ్డ ముఖం. ఆ దృశ్యాన్ని రఘురాయ్ నలుపు తెలుపుల్లో, పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో తీశారు. బార్తొలోమ్యూ ఫొటోకు ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం దక్కింది. ఆ ఒక్క చిత్రం ప్రపంచాన్ని కదిలించింది. బాధితులంటే మరణించినవాళ్లేనన్న భావన కూడా దానితో పాటే స్థిరపడింది.

లెక్కలు మాత్రం వేరే కథ చెబుతాయి. తొలి అధికారిక మృతుల సంఖ్య 2,259. మధ్యప్రదేశ్ ప్రభుత్వం తర్వాత దాన్ని 3,787కు పెంచింది. పరిహారం కింద గుర్తించిన మరణాలు 5,295. బాధితుల సంఘాల లెక్క 20 వేలు దాటుతుంది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినప్పుడు సుమారు 3 వేల మరణాలు, లక్ష మంది క్షతగాత్రులన్న అంచనా మీద లెక్క కట్టారు. చివరికి పరిహారానికి అర్హులని తేలినవాళ్లు 5 లక్షల 70 వేలకు పైనే. గాయపడినవాళ్లలో అత్యధికులకు తొలి విడతగా అందింది 25 వేల రూపాయలు.

విపత్తు ఒక్క రాత్రిదే అనుకుంటే 1989లో ఖాతా మూసేయడం సబబుగానే కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి దీర్ఘకాలిక అధ్యయనాలను 1994లో ఆపేయడమూ అలాగే కనిపిస్తుంది. సినిమాకు ఇష్టమైన కాలపరిమితి, కంపెనీకీ ప్రభుత్వానికీ అనుకూలమైన కాలపరిమితి ఒకటే కావడం గమనించాల్సిన విషయం. ఇందులో కుట్రేమీ లేదు. ఒకరికి కథ ముగియాలి, మరొకరికి కేసు ముగియాలి.

దూరదర్శన్ చెప్పిన సాకు

ముగింపు లేకుండా చెప్పే ప్రయత్నం మొదట్లోనే జరిగింది. తపన్ బోస్, సుహాసినీ మూలే, సలీం షేక్ భోపాల్‌పై తీసిన ‘బియాండ్ జెనోసైడ్’ డాక్యుమెంటరీకి జాతీయ అవార్డుల్లో ఉత్తమ నాన్ ఫీచర్ చిత్రంగా స్వర్ణకమలం వచ్చింది. దూరదర్శన్ మాత్రం ప్రసారానికి ఒప్పుకోలేదు. చిత్రానికి కాలం చెల్లిందని, సమతూకం లేదని, పరిహారం వ్యవహారం కోర్టులో ఉందని కారణాలు చెప్పింది. ప్రభుత్వమే అవార్డిచ్చిన చిత్రాన్ని ప్రభుత్వ టీవీలో చూపించడానికి నిర్మాతలు సుప్రీంకోర్టు దాకా పోరాడాల్సి వచ్చింది. 1992లో కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది.

ఇక్కడ ‘కాలం చెల్లింది’ అన్న మాటను పట్టించుకోవాలి. ప్రమాదం జరిగి పట్టుమని పదేళ్లు కాకముందే, బాధితుల పరిహారం ఇంకా తేలకముందే ప్రభుత్వ మాధ్యమం అన్న మాట అది. నేడు అలాంటి నిషేధం అవసరం కూడా లేదు. వేదికలు బోలెడున్నాయి. ఏ కథకు పెట్టుబడి వస్తుందన్నదే జల్లెడ. వీరుడున్న కథకు వస్తుంది. ఏళ్ల తరబడి ఆసుపత్రి క్యూలో నిలబడే కథకు రాదు.

నవల ఆ పని కొంత చేయగలిగింది. 2007లో బుకర్ తుది జాబితాకు చేరిన ఇంద్రా సిన్హా ‘యానిమల్స్ పీపుల్’ ప్రమాదం జరిగి దాదాపు రెండు దశాబ్దాలైన నగరంలో నడుస్తుంది. వెన్ను వంగిపోయి చేతులూ కాళ్లతో నడిచే యువకుడు అందులో కథకుడు. అతనికి ఆ రాత్రి జ్ఞాపకం లేదు, దాని ఫలితం మాత్రం ఒంటిమీద ఉంది. భోపాల్‌లో 1984 తర్వాత పుట్టినవాళ్ల పరిస్థితి కూడా అదే. పరిహారపు చట్రంలో చోటు దొరకనిది ఎక్కువగా ఈ తరానికే.

మీడియా గుర్తుచేసినప్పుడు

ప్రజా జ్ఞాపకానికి బలం లేదనుకుంటే పొరపాటు. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు యూనియన్ కార్బైడ్ ఇండియా మాజీ అధికారులు ఏడుగురికి రెండేళ్ల చొప్పున జైలుశిక్ష వేసింది. వాళ్లకు వెంటనే బెయిల్ దొరికింది. 1996లోనే సుప్రీంకోర్టు అభియోగాల తీవ్రతను తగ్గించడంతో అంతకుమించి శిక్ష పడే దారి లేకపోయింది. కానీ టీవీ చానెళ్లు ఆ రెండేళ్ల శిక్షనూ, ఆండర్సన్‌ను 1984 డిసెంబర్ 7న అరెస్టు చేసి అదే రోజు ప్రభుత్వ విమానంలో పంపేసిన వైనాన్నీ పదేపదే చూపడంతో దేశమంతా ఆగ్రహం రేగింది. కేంద్రం మంత్రుల బృందాన్ని మళ్లీ ఏర్పాటు చేసింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే క్యూరేటివ్ పిటిషన్ వేసింది. అణు ప్రమాదాల బాధ్యతపై పార్లమెంటులో జరుగుతున్న చర్చ మీదా భోపాల్ నీడ పడింది.

అదే మీడియా బాధితులను గాయపరిచిన రోజూ ఉంది. 2004 డిసెంబర్ 3న బీబీసీ వరల్డ్‌లో డౌ కెమికల్ ప్రతినిధినంటూ ఒకాయన ప్రత్యక్షమై, 1,200 కోట్ల డాలర్ల పరిహారం ఇస్తున్నామని ప్రకటించాడు. అతను ‘ది యెస్ మెన్’ అనే వ్యంగ్య బృందం సభ్యుడు. యూనియన్ కార్బైడ్‌ను 2001లో కొన్న డౌ షేరు ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్‌లో కొద్ది నిమిషాల్లోనే పడిపోయింది. పరిహారమిస్తామంటే షేరు పడిపోతుందన్న సంగతి ఆ నాటకం బయటపెట్టింది. ఆ కాసేపు భోపాల్‌లో నమ్మి సంబరపడినవాళ్లు తర్వాత పడ్డ నిరాశకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

విశాఖలో వినిపించిన పేరు

తెలుగువాళ్లకు భోపాల్ దూరపు ఊరు కాదని 2020 మే 7 తెల్లవారుజామున తెలిసింది. విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదకు పాకి 12 మంది ప్రాణాలు తీసింది. రోడ్లమీద పడిపోయిన మనుషుల దృశ్యాలు చూడగానే ‘మరో భోపాల్’ అన్న మాట అంతటా వినిపించింది. ఆ పోలిక జనాన్ని, అధికారులను వేగంగా కదిలించింది. మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది.

అయితే పోలిక ఎక్కువగా శవాల లెక్క దగ్గరే ఆగింది. అంత పెద్దది కాలేదన్న ఊరటతో చర్చ చల్లబడింది. నిజమైన పోలిక యంత్రాల దగ్గర ఉంది. అక్కడా ఇక్కడా ట్యాంకును చల్లబరిచే ఏర్పాటు సరిగా లేదు. భోపాల్‌లో ఊరిని హెచ్చరించే సైరన్ మోగించి వెంటనే ఆపేశారు. విశాఖలో మోగనేలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. జ్ఞాపకం భయాన్ని మోసుకొచ్చినంత బాగా పాఠాన్ని మోసుకురాలేదు. ఆ పాఠం తెరమీద ఎప్పుడూ ప్రధాన పాత్ర కాలేదు మరి.

ఎవరి దగ్గర ఉంది జ్ఞాపకం?

భోపాల్‌లో ఫ్యాక్టరీ ఎదుట బిడ్డను ఎత్తుకున్న తల్లి విగ్రహం ఉంది. డచ్ శిల్పి రూత్ వాటర్‌మన్ 1985లో చెక్కినది. 2014లో బాధితుల సంఘాలు ‘రిమెంబర్ భోపాల్’ మ్యూజియం తెరిచాయి. అక్కడ ఫోన్ రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంటే బాధితుల గొంతు వినిపిస్తుంది. ఆ గొంతులు డిసెంబర్ 2 దగ్గర ఆగవు. మందులు, కోర్టు వాయిదాలు, పుట్టిన పిల్లల గురించి మాట్లాడతాయి.

మిగిలిన కథ ఇంకా నడుస్తూనే ఉంది. హైకోర్టు గడువు పెట్టాక, 2025 జనవరిలో 337 టన్నుల విషవ్యర్థాలను పోలీసు కాపలాతో సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్‌కు తరలించారు. అక్కడి జనం తమ ఊరు మరో భోపాల్ అవుతుందని వీధుల్లోకి వచ్చారు. ఇద్దరు ఒంటికి నిప్పంటించుకునే ప్రయత్నం చేశారు. జూన్ నెలాఖరుకు కాల్చివేత పూర్తయింది. భోపాల్ శుభ్రమైపోయిందన్న అభిప్రాయం చాలామందిలో మిగిలింది. ఆ 337 టన్నులు గోదాములో పోగేసి ఉంచిన సరుకు మాత్రమే. ఫ్యాక్టరీ ఆవరణలో పూడ్చిన వ్యర్థాలు, పాడైన మట్టి, చుట్టుపక్కల భూగర్భజలం అక్కడే ఉన్నాయి.

సినిమాను సినిమాగా చూడటంలో తప్పులేదు. దస్తగీర్ లాంటివాళ్ల కథ ఎన్నిసార్లు చెప్పినా మంచిదే. కానీ సిరీస్ అయిపోయాక అడగాల్సిన ప్రశ్నలు తెర అడగదు. పీథంపూర్‌లో మిగిలిన బూడిద ఏం చేస్తున్నారు? ఫ్యాక్టరీ చుట్టూ నీటిని ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తున్నారు, ఫలితాలు ఎవరికి చూపిస్తున్నారు? మన ఊరి పక్కనున్న రసాయన కర్మాగారంలో సైరన్ చివరిసారి ఎప్పుడు మోగింది? వచ్చే డిసెంబర్ 3న పాత ఫొటో పక్కన ఈ మూడింటికి జవాబులు అచ్చయితే, ఆ సంస్మరణ వల్ల బతికున్నవాళ్లకు కూడా కొంత మేలు జరుగుతుంది.