అడిగేవాడుంటేనే అధికారికి గౌరవం

పోయిన నెల ఒక మిత్రుని ఇంట భోజనాలయ్యాక, తాంబూలాల వేళ, మాట పార్లమెంటు మీదికి మళ్ళింది. బ్రిటిష్ పార్లమెంటులో సివిల్ సర్వీసునూ రాజ్యాంగ వ్యవహారాలనూ కనిపెట్టి ఉండేందుకు ప్రత్యేకంగా ఒక కమిటీ ఉందనీ, సింగపూరులో అటువంటిది లేదనీ నేనన్నాను. ఎదురుగా కూర్చున్న ఇంజనీరు గారు వెంటనే అందుకున్నారు. "కమిటీలా? ఆ జబ్బును మద్రాసు విమానాశ్రయంలోనే వదిలేసి వచ్చాం గదండీ!" అందరూ నవ్వారు. నేనూ నవ్వానని ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చాక మాత్రం ఆ నవ్వు మింగుడు పడలేదు. అక్కడ చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఈ పత్రిక చదువుతారు. కోపం తెచ్చుకోరని నమ్మకం.

ముందుగా ఆ కమిటీ సంగతి. బ్రిటన్‌లో 1967లో ఆంబుడ్స్‌మన్ పదవిని సృష్టించారు. ప్రభుత్వ శాఖల వల్ల అన్యాయం జరిగిందని పౌరుడు మొర పెట్టుకుంటే స్వతంత్రంగా విచారించే ఉద్యోగి ఆయన. ఆయన నివేదికలను పరిశీలించడానికి కామన్స్ సభ ఒక సెలెక్ట్ కమిటీని వేసింది. 1997లో దాని పరిధిని మొత్తం ప్రభుత్వ పాలనకు పెంచారు. 2015లో రాజ్యాంగ వ్యవహారాలను కూడా దానికే అప్పగించారు. అందులో మంత్రులుండరు. పెద్ద పెద్ద కార్యదర్శులు దాని ముందు కూర్చుని, ప్రజలు చూస్తూ ఉండగా సమాధానాలు చెబుతారు.

ఇందువల్ల ఒరిగేదేమిటంటారా? ఒక్క ఉదాహరణ చాలు. హిట్లర్ కాలంలో సాక్సన్‌హౌజెన్ శిబిరం దగ్గర బందీలుగా ఉన్న కొందరు బ్రిటిష్ పౌరులకు పరిహారం రాదని వారి విదేశాంగ శాఖ ఏళ్ళ తరబడి భీష్మించుకు కూర్చుంది. మొట్టమొదటి ఆంబుడ్స్‌మన్ ఎడ్మండ్ కాంప్టన్ ఫైళ్ళు తిరగేసి, శాఖ నడిచిన తీరు తప్పని 1967 డిసెంబరులో తేల్చాడు. 1968 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి జార్జి బ్రౌన్ సభలో లేచి, పరిహారం ఇస్తామని చెప్పవలసి వచ్చింది. తరువాత సెలెక్ట్ కమిటీ కూడా ఆ వ్యవహారాన్ని విచారించింది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ శాఖలోని వారెవరూ లంచాలు మేయలేదు. అందరూ నిజాయితీపరులే. అయినా తప్పు జరిగింది.

మన ఇంజనీరు గారి వాదమంతా "ఇక్కడి అధికారులు నిజాయితీపరులు, ఇంకా అడిగేదేముంది?" అన్న ఒక్క మాట మీద నిలిచి ఉంది. వారు నిజాయితీపరులే. ఆ మాటతో నాకు పేచీ లేదు. 1951 నుంచి పబ్లిక్ సర్వీస్ కమిషన్, 1952 నుంచి అవినీతి విచారణ సంస్థ ఇక్కడ పనిచేస్తూనే ఉన్నాయి. ఒక చిన్న కాగితం కోసం మన తాలూకాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో గుర్తున్న వారెవరూ ఇక్కడి పాలనను తేలిక చేసి మాట్లాడరు. కాని లంచం తీసుకోకపోవడం వేరు, సమాధానం చెప్పడం వేరు. నిజాయితీపరుడు కూడా పొరబడతాడు. పైగా తన నిజాయితీ మీద తనకున్న నమ్మకం వల్ల, పొరబడ్డానేమోనన్న అనుమానం అతనికి ఆలస్యంగా కలుగుతుంది.

మరి సింగపూరు పార్లమెంటులో ఏమున్నాయి? స్థాయీ సంఘాలు ఏడున్నాయి. డబ్బు లెక్కలకు పబ్లిక్ ఎకౌంట్స్ కమిటీ, అంచనాల కమిటీ ఉన్నాయి. ప్రజల అర్జీలకొకటి, సభాహక్కులకొకటి, సభా నియమాలకొకటి ఉన్నాయి. తక్కిన రెండూ సభ స్వంత పనులకు సంబంధించినవి. ఆడిటర్ జనరల్ ఏటా లోపాలు ఎత్తి చూపుతాడు. ఎకౌంట్స్ కమిటీ వాటి మీద శాఖలను వివరణ అడుగుతుంది. మంచిదే. అంటే డాలరు దారి తప్పితే అడిగేవారున్నారు. నిర్ణయం దారి తప్పితే, ఒక నియమం మనిషిని అన్యాయంగా నలిపితే, అదే పనిగా కూర్చుని అడిగే కమిటీ లేదు.

ఇది ఎవరికీ తోచక జరిగింది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, ప్రధాన న్యాయమూర్తి వీ చోంగ్ జిన్ అధ్యక్షతన ఏర్పడిన రాజ్యాంగ కమిషన్ 1966 ఆగస్టులో తన నివేదిక ఇచ్చింది. ఆంబుడ్స్‌మన్ ఉండాలని అందులో సిఫార్సు చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో మన దేశంలో మొరార్జీ దేశాయి అధ్యక్షతన ఉన్న పాలనా సంస్కరణల సంఘం లోక్‌పాల్, లోకాయుక్త ఉండాలని చెప్పింది. న్యూజీలండు 1962లోనే ఆ పని చేసింది. బ్రిటన్ 1967లో చేసింది. అంటే నాలుగు దేశాలు ఇంచుమించు ఒకే సమయంలో ఒకే ఆలోచన చేశాయి. రెండు వెంటనే అమలుపరిచాయి. మన దేశంలో 1968లో మొదటి బిల్లు వచ్చింది, చట్టం 2013లో అయింది, మొదటి లోక్‌పాల్ 2019లో కుర్చీ ఎక్కాడు. ఇది సిగ్గుపడవలసిన ఆలస్యమే. ఆంధ్రప్రదేశ్ మాత్రం 1983లోనే లోకాయుక్త చట్టం చేసుకుంది. సింగపూరులో ఆంబుడ్స్‌మన్ ఈనాటికీ రాలేదు.

ఆ కమిషన్ సిఫార్సుల చర్చలో నుంచి పుట్టింది ప్రెసిడెన్షియల్ కౌన్సిల్. 1970లో మొదలై, 1973 నుంచి అల్పసంఖ్యాక వర్గాల హక్కుల కౌన్సిల్‌గా ఉంది. ఏదైనా చట్టం ఒక జాతికో మతానికో అన్యాయం చేస్తుందా అని చూడడం దాని ప్రధానమైన పని. మనవంటి వారికి ఆ కౌన్సిల్ ఒక ధైర్యమే. కాని డబ్బు బిల్లులు దాని ముందుకు రావు. అత్యవసరమని ప్రధాని ధ్రువీకరించినవీ రావు. దాని సమావేశాలు రహస్యంగా జరుగుతాయి. పైగా అది చూసేది చట్టాన్ని. రోజువారీ పాలన దాని కంటికి ఆనదు.

ఇక రాజ్యాంగం మాట. 1965 నుంచి 1979 దాకా ఇక్కడి రాజ్యాంగాన్ని మామూలు మెజారిటీతోనే సవరించవచ్చు. 1979లో మూడింట రెండు వంతుల నియమాన్ని తిరిగి పెట్టారు. అయితే 1968 ఎన్నికల నుంచి 1981 అక్టోబరులో ఆన్సన్ ఉప ఎన్నిక దాకా సభలో ప్రతిపక్ష సభ్యుడన్నవాడే లేడు. 2025 ఎన్నికల్లో కూడా 97 స్థానాలలో 87 పాలకపక్షానివే. ఇది ప్రజలిచ్చిన తీర్పు. తప్పు పట్టడానికి మనమెవరం? కాని ఫలితమేమిటో చూడండి. రెండు వంతుల తాళానికి తాళంచెవి ఎప్పుడూ ఒకే చేతిలో ఉంటుంది. అటువంటి చోట, తాళం తీసే ముందు "ఎందుకు తీస్తున్నారు?" అని తీరికగా అడిగే కమిటీ అవసరం మరింత ఎక్కువ.

2016లో రాష్ట్రపతి ఎన్నిక పద్ధతిని మార్చే ముందు ప్రధాన న్యాయమూర్తి సుందరేశ్ మీనన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. ప్రజల అభిప్రాయాలు రాతపూర్వకంగా తీసుకున్నారు, బహిరంగ విచారణలు జరిపారు. ఎంతో మంచి పద్ధతి. నేను అడిగేదల్లా, ఆ మంచి పద్ధతి ప్రభుత్వం తలచుకున్నప్పుడు దొరికే ప్రసాదంగా కాక, ప్రతిసారీ తప్పనిసరి నియమంగా ఎందుకుండరాదనే.

"పాలకపక్షంలో శాఖల వారీగా కమిటీలున్నాయి గదా" అంటారు. 1987 నుంచి ఉన్నాయి. అవి పక్షం కమిటీలు, పార్లమెంటు కమిటీలు కావు. ఇంటి పెద్దను ఇంటివాళ్ళే అడగడం మంచిదే. ఊరివాళ్ళు అడగడానికి అది బదులు కాదు.

"వారం వారం మన సభ్యుణ్ణి కలుసుకోవచ్చు గదా" అంటారు. నేనూ వెళ్ళాను. కొన్నేళ్ళ కిందట నా దరఖాస్తు ఒకటి తిరిగి వచ్చింది. ఏ దరఖాస్తు, ఏ కార్యాలయం అన్నది అప్రస్తుతం. కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు, కారణం లేదు. సభ్యుడు ఎంతో మర్యాదగా ఒక ఉత్తరం రాయించి ఇచ్చాడు. రెండు నెలలకు నా పని అయింది. సంతోషించాను. అదే గదిలో నా పక్కన కూర్చున్న ముసలాయన పని అయిందో లేదో నాకు తెలియదు. మొదట ఎందుకు కాదన్నారో, తరువాత ఎందుకు సరేనన్నారో కూడా నాకీనాటికీ తెలియదు. ఉత్తరం ఒక మనిషిని ఒడ్డెక్కిస్తుంది. ఆ మడుగులో ఇంతమంది ఎందుకు పడుతున్నారని అడగడం కమిటీ పని.

మన పిల్లల సంగతే చూడండి. తమిళం కాక మరి అయిదు భారతీయ భాషలను, హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూలను, ఇక్కడి బడులలో మాతృభాషగా పరీక్షకు చదవవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. దానికి సబబైన కారణాలే ఉండవచ్చు. పిల్లల సంఖ్య చాలదేమో, ఉపాధ్యాయులు దొరకరేమో. నా తగువు నిర్ణయంతో కాదు. ఏ లెక్కన జాబితాలో చేరుస్తారు, ఎంతమంది ఉంటే చేరుస్తారు అని ఎవరైనా ఒక అధికారిని బహిరంగంగా కూర్చోబెట్టి అడిగితే, మనం ఆశ పడాలో ఊరుకోవాలో మనకు తేలుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ మనకు కావలసింది అడిగే చోటు.

ఇక మన దేశపు కమిటీల మీద ఎగతాళి. 1993లో శాఖల వారీ స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. సివిల్ సర్వీసు, ప్రజల ఫిర్యాదులు, న్యాయశాఖ కలిపి ఒక సంఘానికి అప్పగించారు. 2011లో లోక్‌పాల్ బిల్లును మథించింది ఆ సంఘమే. 1967 నుంచి పబ్లిక్ ఎకౌంట్స్ కమిటీకి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుణ్ణి చేసే సంప్రదాయం కూడా ఉంది. ఆ నివేదికలెన్నో దుమ్ము కొట్టుకుపోతున్నాయన్నది నిజమే. కాని మన దేశంలో పాలన చెడింది కమిటీలు అడగడం వల్ల కాదు, అడిగినదానికి జవాబు చెప్పేవారు లేకపోవడం వల్ల. సింగపూరులో జవాబు చెప్పగల అధికారులున్నారు. ఒకచోట ప్రశ్న ఉంది, ఇంకొకచోట సమర్థత ఉంది. రెండూ చూసిన వాళ్ళం మనం. రెండూ ఒకచోట ఉండాలని కోరడానికి మనకన్నా తగినవారెవరు?

నేను కోరేది గొంతెమ్మ కోరిక కాదు. పార్లమెంటులో పాలనకూ రాజ్యాంగానికీ ఒక శాశ్వత కమిటీ ఉండాలి. మంత్రులు అందులో ఉండరాదు. అధ్యక్షపీఠం ప్రతిపక్షానికి ఇవ్వాలి. దేశరక్షణ వంటివి తప్ప తక్కిన విచారణలు బహిరంగంగా జరగాలి. బ్రిటన్‌లో లాగా నివేదిక వచ్చిన రెండు నెలలలో ప్రభుత్వం జవాబివ్వాలి. రాజ్యాంగ సవరణ ఏదైనా ముందు ఆ గుమ్మం దాటి రావాలి.

"మనం అతిథులం, మనకెందుకు?" అని చివరి మాటగా అంటారు. మనలో ఎందరో పౌరసత్వం తీసుకున్నారు. మన కుర్రాళ్ళు రెండేళ్ళు సైనిక శిక్షణలో ఎండకూ వానకూ తడుస్తున్నారు. కొడుకును పంపిన తల్లి అతిథి ఎలా అవుతుంది?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన సమాజం వార్షిక సమావేశంలో ఉగాది ఖర్చుల లెక్క ఎవరైనా అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు. కోశాధికారి ముఖం చిన్నబుచ్చుకుంటారు. "నా మీద నమ్మకం లేదా?" అంటారు. మనం సర్దిచెప్పి, చప్పట్లు కొట్టి, భోజనాలకు లేస్తాం. ఇక్కడి పార్లమెంటుకు చెప్పదలచుకున్న మాటనే ముందు మనకు చెప్పుకుందాం. రాబోయే సమావేశంలో కార్యవర్గంలో లేని ముగ్గురు సభ్యులతో ఒక పరిశీలక సంఘం వేయాలని నేను తీర్మానం పెడుతున్నాను. దానిని బలపరచవలసిందిగా మొట్టమొదట మన ఇంజనీరు గారినే అడుగుతున్నాను.