ఇంట కారు నీరు

గత వేసవిలో మన పాఠశాల మేడమీది నీటితొట్టి మధ్యాహ్నము పన్నెండు గంటలకే ఖాళీ యగుచుండెను. మరుగుదొడ్లలో నీరు లేక కొందరు బాలికలు భోజనవేళకు ఇంటికి పోయి మరల రాకుండిరి. వారికి మధ్యాహ్నపు పాఠములు తప్పిపోయినవి. మేమందరము బోరుబావిని నిందించితిమి. మరియొక బోరు కావలెనని అర్జీ వ్రాసితిమి. తుదకు, గొట్టముల పని తెలిసిన విద్యార్థి తండ్రి యొకరు వచ్చి పరీక్షింపగా, రెండు ఫ్లష్ టాంకులనుండి నీరు రాత్రింబవళ్లు చప్పుడు లేకుండ జారిపోవుచున్నట్లు తేలెను. అరిగిన రబ్బరు వాషర్లు రెండింటిని మార్చినంతనే సాయంత్రమువరకు నీరు నిలిచెను. అర్జీ సొరుగులోనే యుండిపోయినది.

నాటినుండి మా అభిప్రాయ మిది: క్రొత్త నీటిని కోరుటకు ముందు ఉన్న నీరు ఎటు పోవుచున్నదో చూచుకొనవలెను. అట్లు చూచుకొనుట బాలబాలికల చదువులో ఒక భాగము కావలెను.

ఇది స్వల్ప విషయమని తలపరాదు. నిమిషమునకు పావు లీటరు కారినచో గంటకు 15 లీటర్లు, దినమునకు 360 లీటర్లు పోవును. అట్టి టాంకులు రెండున్నచో దినమునకు 720 లీటర్లు. చిల్లికుండలో ఎంత పోసిన నేమి ఫలము?

చెన్నపట్టణవాసులమైన మనకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందము ప్రకారము ఈ నగరమునకై 15 టి.ఎం.సి.ల కృష్ణాజలము కేటాయింపబడెను. దారిలో కలుగు నష్టము పోగా సరిహద్దు చేరవలసినది 12 టి.ఎం.సి.లే. 1996లో ఆ నీరు మొదటిసారి పూండి జలాశయమునకు వచ్చెను. కాని కాలువ గట్లు చెడి నీరు ఇంకిపోవుటచే ఆశించినంత నీరు రాలేదు. శ్రీ సత్యసాయి ట్రస్టువారు ఆ కాలువకు మరమ్మతు చేయించిన పిదప, 2004లో నీరు మరల చక్కగా ప్రవహించెను. నది అదే, కాలువ అదే, కారుట తగ్గినది. 2019 జూన్ నాటికి నగరమునకు నీరిచ్చు జలాశయములు దాదాపు ఎండిపోగా, మనలో ఎందరో బిందెలతో లారీలకొరకు వేచియుండిరి. ఆ దినములను మరువరాదు.

ఇంటియందు పరీక్షించు విధము సులభము. టాంకులోని నీటిలో బట్టలకు వేయు నీలిమందు కొన్ని చుక్కలు కలిపి, అరగంటసేపు మీట నొక్కకుండ ఉండవలెను. క్రింది పింగాణీ పాత్రలో నీలిరంగు కనబడినచో టాంకు కారుచున్నట్లే. పిదప టాంకునకు నీరు వచ్చు కుళాయిని కట్టి, లోపల నీటిమట్టమువద్ద పెన్సిలుతో గీత గీయవలెను. మట్టము గీతకు దిగువకు పోయినచో అడుగున నున్న వాషరు అరిగినదో, దానిక్రింద చెత్త చిక్కుకొన్నదో చూడవలెను. మట్టము దిగక, కుళాయి విప్పినప్పుడు మాత్రము నీరు లోపలి నిలువు గొట్టముమీదుగా పొర్లుచున్నచో, తేలెడు బంతిని కొంచెము దించి సరిచేయవలెను.

అయితే కారునదంతయు మనము ముట్టదగినది కాదు. కారు క్రింద ఉదయము తడి కనబడినచో, అది వాసనలేని నీరైన ఏ.సి. నీరు కావచ్చును. పెట్రోలు వాసన వచ్చినచో, తడి టాంకు అతుకులవద్ద నున్నదో, గొట్టముల కీళ్లవద్ద నున్నదో పెద్దలు దూరమునుండియే చూచి మెకానిక్కునకు చెప్పవలెను. బండిని నడపరాదు, నిప్పు దరి చేరనీయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది; నేలబారున వ్యాపించి దూరముననున్న నిప్పునైనను అంటుకొనగలదు. ఖాళీ టాంకు మరింత ప్రమాదకరము. దానిలో మిగులునది ఆవిరియే. దానిని శుభ్రపరచి ఆవిరి తొలగింపక వెల్డింగు చేయుట ప్రాణాపాయము. కనుగొనుట మన వంతు. బాగుచేయుట తెలిసినవారి వంతు.

"మా బిడ్డలను చదువుకొనుటకు పంపితిమిగాని ప్లంబరు పనికి కాదు" అని కొందరు తల్లిదండ్రులు అనవచ్చును. భౌతికశాస్త్రములో తేలుటను గూర్చి చదివిన బాలుడు టాంకులోని బంతిని చూచినచో, ఆ పాఠము వానికి జన్మలో మరపునకు రాదు. మాతృభాషలో నేర్చిన విద్య చేతిపనికి కూడ అక్కరకు వచ్చుననుటకు ఇంతకంటె మంచి నిదర్శన మేమి కావలెను?

మరికొందరు, "అల్పసంఖ్యాకుల పాఠశాలలకు అసలే అందునది తక్కువ, మన హక్కులను అడుగుట మానవలెనా?" అందురు. మానవలదు. కాని తన తొట్టిని తాను చూచుకొన్నవాని అర్జీకి బలము హెచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు ఊరక చెప్పలేదు.

కావున ప్రతి నెల మొదటి శనివారమునాడు ఒక్కొక్క తరగతివారు వంతులవారీగా పాఠశాల కుళాయిలను, టాంకులను పరీక్షించి, ఫలితమును నోటీసు బోర్డుపై వ్రాయవలెనని కోరుచున్నాము. ఆ దినముననే ఇంటివద్ద కూడ నీలిమందు పరీక్ష చేయుడు. నీటికొరకు ఏ బాలికయు మధ్యాహ్నపు పాఠమును విడిచి ఇంటికి పోవు దినము మన పాఠశాలకు మరల రాకూడదు.